అది వేరే విషయం కాదు, నాయనా

ఉత్తరం: మాది జమ్మలమడుగు. మూడు తరాలుగా సీఎస్ఐ (దక్షిణ ఇండియా క్రైస్తవ) సంఘంలో ఉన్నాం. నాయన రిటైరైన తెలుగు పండితుడు, సంఘ పెద్ద. నాకు 34 ఏళ్లు, ఏడేళ్లుగా డల్లాస్‌లో ఉద్యోగం. దేవుడి మీద నమ్మకం పోయి చాలా కాలమైంది. ఇక్కడ ఎవరు పరిచయమైనా రెండో మాటకే ‘ఏ చర్చికి వెళ్తావు’ అంటారు. మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర నాస్తికుణ్ణని చెప్పేశాను. అప్పటినుంచి మేనేజరు ఆదివారాలు వాళ్లింటికి పిలవడం మానేశాడు. ఇది వివక్ష కాదా? ఫిర్యాదు చేయొచ్చా? ఇంట్లో నాయన కూడా పోయిన మే నుంచి మాట్లాడటం లేదు. జేజిని (నాయన తల్లిని) సమాధి చేసేటప్పుడు రెండు మాటలు చెప్పమంటే, ‘పరలోకమూ లేదు, ఏమీ లేదు, జేజి అయిపోయింది, అంతే’ అన్నాను. ఉన్నమాటే కదా. ఫోన్ చేస్తే అమ్మ స్పీకర్ పెడుతుంది. పక్కన నాయన దగ్గు వినిపిస్తుంది, మాట రాదు. సమాధి రాయికి డబ్బు పంపి, దాని మీద బైబిలు వాక్యం చెక్కించొద్దన్నాను. రాయి ఇంకా నిలబెట్టలేదట. అది వేరే విషయం.
– నాస్తికుడు, డల్లాస్

నువ్వడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను, అది తొందరగా తెమిలేదే.

అమెరికాలో నాస్తికుల మీద వివక్ష ఉందా? ఉంది. నువ్వుంటున్న టెక్సాస్ రాజ్యాంగంలోనే, పదవికి మతం అడ్డు కాకూడదంటూ, ‘పరమాత్మ ఉన్నాడని ఒప్పుకుంటే’ అని తోక తగిలించిన వాక్యం ఇప్పటికీ అలాగే ఉంది. అది చెల్లదనుకో. మేరీలాండ్‌లో టోర్కాసో అనే ఆయనకు, దేవుడున్నాడని చెప్పనన్నందుకు నోటరీ పదవి ఇవ్వకపోతే, 1961లో సుప్రీంకోర్టు ఆయన పక్షానే తీర్పిచ్చింది. నాస్తికుడు అధ్యక్ష పదవికి నిలబడితే ఓటేస్తామన్నవాళ్లు గాలప్ సర్వేలో 1958లో నూటికి 18 మంది, 2020లో 60 మంది. మారారు గానీ పూర్తిగా మారలేదు. ఇక 15 మంది, అంతకు పైన పనిచేసే మామూలు సంస్థలు మతం ఉందనో లేదనో ఉద్యోగం తీసేయకూడదని 1964 పౌర హక్కుల చట్టం చెబుతోంది. రేపు మీ మేనేజరు నీ ప్రమోషన్ ఆపితే తేదీలతో సహా రాసి పెట్టుకుని లాయరు దగ్గరికి పో. వాళ్లింట్లో అన్నానికి పిలవలేదని కేసు పెట్టలేవు. మన నాస్తికోద్యమ నాయకుడు గోరా గారు దేవుడి భావన మీద రాసిన రాతకు 1933లో కాకినాడ కాలేజీలో ఉద్యోగమే పోగొట్టుకున్నారు. దాన్ని వివక్ష అంటారు. మీ మేనేజరుది అలక. నువ్వూ అలిగావు. చెల్లుకు చెల్లు.

ఇప్పుడు నువ్వు చివర్న ‘వేరే విషయం’ అని తోసేసినదాని దగ్గరికి వద్దాం. నీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆ దగ్గు. కొడుకు ఫోను వచ్చిందని తెలిసి లేచిపోకుండా, స్పీకర్ పక్కనే కూర్చుని దగ్గే మనిషి నీతో మాట్లాడటం లేదంటావా?

ఉన్నమాటే అన్నానంటున్నావు. సమాధి దగ్గర నిన్ను పరలోకం ఉందా లేదా అని ఎవరూ అడగలేదు. జేజి గురించి రెండు మాటలు అడిగారు. ఆమె నీకు పెట్టిన సంగటి ముద్ద గురించి చెప్పొచ్చు, తిట్టిన తిట్ల గురించి చెప్పొచ్చు. అందులో దేవుడు రానక్కర్లేదు, అబద్ధం అంతకన్నా అక్కర్లేదు. తల్లిని మట్టిలో పెట్టి నిలబడ్డ మనిషికి, ఆయన ఇన్నేళ్లు ‘వందనాలయ్యా’ అనిపించుకున్న సంఘం ఎదుట, నువ్వు పాఠం చెప్పావు. పిడికిట్లో మన్ను పట్టుకుని ఉండి ఉంటాడు ఆ మాట విన్నప్పుడు. నాకు దేవుడి మీద పెద్ద పట్టింపు లేదు నాయనా, మనుషుల మర్యాద మీద ఉంది.

మూడు తరాలన్నావు. అంటే మీ జేజినాయన కాలం. ఆ కాలంలో మన పల్లెల్లో ఎవరు ఏ బావిలో చేద వేయొచ్చో, ఎవరు బడి లోపల కూర్చోవచ్చో, ఎవరు కిటికీ బయట నిలబడాలో నేను చెప్పాలా? ఈ జిల్లాల్లో లండన్ మిషన్ వాళ్లు ఆసుపత్రులు, బళ్లు పెడితే, ఊళ్లోకి రానివ్వని ఎన్నో కుటుంబాల పిల్లలు వాటిలోనే మొదటిసారి పలక పట్టారు. మీ ఇంట్లో ఎలా జరిగిందో నాకు తెలీదు. మీ జేజికి సంతకం పెట్టడం వచ్చా? వస్తే ఎక్కడ నేర్చుకుందో ఎప్పుడైనా అడిగావా? మీ నాయన తెలుగు పండితుడయ్యాడంటే ఆ దారి ఎక్కడ మొదలైందో ఆయనకు తెలుసు. నువ్వు దేవుణ్ణి కొట్టాననుకున్నావు, దెబ్బ ఆ దారి మీద పడింది.

అలాగని నువ్వు నమ్మాలని నేననడం లేదు. రాళ్లకు మొక్కేవాళ్లను వేమన అన్నన్ని మాటలు ఎవరన్నారు? కటారుపల్లెలో ఇప్పుడు ఆయన సమాధికే పూజలు చేస్తున్నాం! రాయలసీమలో దేవుణ్ణి నమ్మనివాడికి చోటు లేదని మాత్రం నాతో అనకు.

ప్రొద్దుటూరులో మా పెద్దనాయన కొడుకు ఉండేవాడు, పక్కా హేతువాది. తండ్రి తద్దినానికి పీట మీద కూర్చోనని తేల్చి చెప్పాడు. తమ్ముడు కూర్చున్నాడు. కానీ ఆ రోజు పొద్దున్నే మార్కెట్టుకు పోయి అరిటాకుల కట్ట భుజాన వేసుకొచ్చేది వీడే. లోపల మంత్రాలు నడుస్తుంటే వసారాలో పేపరు చదువుకునేవాడు. ఇదేం నాస్తికత్వమని స్నేహితులు ఎగతాళి చేస్తే, ‘మా అమ్మ అంత బరువు మోయలేదురా’ అన్నాడు. వడలు మాత్రం అందరికన్నా ముందు తినేవాడు, అది వేరే సంగతి.

మీ నాయన తప్పు లేదా? ఉంది. పెద్దమనిషై ఉండి కన్నకొడుకు మీద మౌనవ్రతం పట్టడం పెద్దరికం కాదు. ఆయన నాకు ఉత్తరం రాస్తే ఆయననూ వదలను. రాసింది నువ్వు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది రాయి సంగతి. డబ్బు పంపి షరతు పెట్టావు. నమ్మకం లేదన్న కారణానికి నిన్ను పిలవని మేనేజరు చెడ్డవాడైతే, నమ్మకం ఉందన్న కారణానికి నాయన తల్లి రాయి మీద నాలుగు అక్షరాలు వద్దన్నవాణ్ణి ఏమనాలి? ఆ సమాధి నీది కాదు. నీకు రాయి పెట్టే రోజు వస్తే బోసిగా ఉంచమని చెప్పుకో, ఎవరూ కాదనరు. జేజి నమ్మింది, జేజి రాయి మీద జేజి వాక్యం ఉంటుంది.

ఈ ఆదివారం నీకు పొద్దున, మాకు సాయంత్రం అయినప్పుడు ఫోన్ చెయ్. అమ్మ స్పీకర్ పెడుతుంది. క్షమాపణ ఉపన్యాసం వద్దు, ఆయన వినడు. ‘నాయనా, జేజి రాయికి ఏ వాక్యం అనుకున్నావు?’ అని అడుగు. ముందు దగ్గే వస్తుంది. ఆగు. రెండోసారి అడుగు. ఆ రోజు కాకపోతే పై ఆదివారం. చెప్పినప్పుడు కాగితం మీద రాసుకుని తిరిగి చదివి వినిపించు. కడప బండ మీద ఒత్తు తప్పు చెక్కితే మళ్లీ దిద్దడం కుదరదు. చెక్కేవాడికి ఇచ్చేముందు కాగితాన్ని మీ నాయననే సరిచూడమను.