వలసవచ్చినవారి గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. వలసవచ్చినవారి మీద నీకున్న అభిమానం ప్రతి పేరాలోనూ కనిపించింది. నా పేచీ ఆ అభిమానంతోనే. నువ్వు ఎంచుకున్నవాళ్లందరూ గొప్పవాళ్లు: శాస్త్రవేత్త, వైద్యురాలు, పతకం తెచ్చిన క్రీడాకారుడు. వలసదారులంటే నేరస్థులేనన్నట్టు రాసే పత్రికలకు ఇదే జవాబనుకున్నావు. ‘వీళ్లు ఇక్కడ ఉండటానికి తగినవాళ్లేనా?’ అన్నది వాళ్ల ప్రశ్న. నువ్వు సాక్ష్యాలతో సహా దానికే బదులు చెబుతూ కూర్చున్నావు.

2018 మే నెలలో పారిస్‌లో మమూదు గసామా అనే మాలీ దేశపు యువకుడు, బాల్కనీకి వేలాడుతున్న పసివాణ్ణి కాపాడటానికి ఒట్టి చేతులతో నాలుగు అంతస్తులు ఎగబాకాడు. అప్పటికి అతని దగ్గర నివాస పత్రాలు లేవు. అధ్యక్షుడు మాక్రాన్ పిలిపించి పౌరసత్వం ఇస్తామన్నారు. పత్రికలు మురిసిపోయాయి. నేనూ సంతోషించాను. కానీ అదే నగరంలో అంట్లు తోముతూ, ఇటుకలు మోస్తూ, సాహసం చూపే సందర్భమే రాని తోటివాళ్ల సంగతి ఎవరు రాస్తారు? వాళ్లలో ఒకరి అద్దె బాకీ, మోకాలి నొప్పి, కూతురి చదువు గురించి రాయి. అది చాలా కష్టం, ఎందుకంటే అందులో వార్త ఉండదు.

అదే ఏడాది జులైలో టర్కీ మూలాలున్న ఫుట్‌బాల్ ఆటగాడు మెసుత్ ఓజిల్ జర్మనీ జట్టు నుంచి తప్పుకున్నాడు. అతను జర్మనీలోనే పుట్టాడు, 2014లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడాడు. గెలిస్తే జర్మన్‌నంటారు, ఓడితే వలసదారుణ్ణంటారని వాపోయాడు. టర్కీ అధ్యక్షుడితో అతను దిగిన ఫొటో నాకూ నచ్చలేదు. అయితే ఒక ఫొటోను తప్పుపట్టడం వేరు, దాన్ని సాకు చేసుకుని అతని జాతీయతనే బోనెక్కించడం వేరు.

చరిత్ర కూడా చూసుకో. 1948లో విండ్‌రష్ ఓడలో కరీబియన్ నుంచి బ్రిటన్ చేరినవాళ్లు బ్రిటిష్ ప్రజలుగానే వచ్చారు. ఆ తరంలో చాలామందిని దశాబ్దాల తర్వాత అక్కడ ఉండే హక్కుకు రుజువులు చూపమన్నారు. చూపలేక కొందరు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, కొందరిని దేశం నుంచే పంపేశారు. 2018లో గానీ అది దేశమంతా మాట్లాడుకునే వార్త కాలేదు.

ఇంకొకటి. నీ వ్యాసంలో వలసదారులు వలస గురించి మాత్రమే మాట్లాడుతున్నారు. బస్సు చార్జీల గురించీ మురుగు కాలువల గురించీ వాళ్లకూ అభిప్రాయాలుంటాయి. ఆ వైద్యురాలిని తీసేయనక్కర్లేదు. ఈసారి ఆమె ఉంటున్న వీధి ఎలా ఉందో అడుగు. తిరగరాసి పంపు, చదువుతాను.