76 ఏళ్ల నాన్నగారికి కీమో ఇప్పించాలా?

మీ నాన్నగారికి 76 ఏళ్లని, పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక డాక్టర్ కీమో చెప్పారని, "ఈ వయసులో అది ఎలాగూ మెల్లగా పెరుగుతుంది, ఆయన్ని హింస పెట్టడం ఎందుకు" అని బంధువులు అంటున్నారని రాశారు. మా అమ్మకు 78వ ఏట ఇదే క్యాన్సర్, మూడో స్టేజి. మా ఇంట్లోనూ ఇవే మాటలు నడిచాయి.

మెల్లగా పెరగడం అన్ని క్యాన్సర్లలోనూ నిజం కాదు. పెద్దవాళ్ల రొమ్ము క్యాన్సర్లలో హార్మోన్‌పై ఆధారపడే నెమ్మది రకం ఎక్కువ. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్, థైరాయిడ్ క్యాన్సర్ మాత్రం వయసు పెరిగేకొద్దీ మొండికేస్తాయి. కాబట్టి వయసు చూసి జబ్బు వేగాన్ని అంచనా వేయకండి.

అసలు తేడా మందు తట్టుకోవడంలో ఉంటుంది. ఎముక మజ్జలో రక్తకణాలు తయారయ్యే వేగం తగ్గుతుంది, కిడ్నీలు మందును త్వరగా బయటికి పంపలేవు. కిడ్నీ పనితీరు కోసం చేసే రక్తపరీక్షలో అమ్మ క్రియాటినిన్ 1.0 వచ్చింది. నార్మలే అని అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ క్రియాటినిన్ తయారయ్యేది కండరాల నుంచి. 45 కిలోల పెద్దావిడకు కండే తక్కువ కాబట్టి కిడ్నీ బలహీనంగా ఉన్నా రిపోర్టు బాగానే కనిపిస్తుంది. అందుకే ఆంకాలజిస్ట్ (క్యాన్సర్ డాక్టర్) 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72తోనూ క్రియాటినిన్‌తోనూ భాగించి, ఆడవాళ్లకని 0.85తో గుణించారు. సుమారు 33 వచ్చింది, అంటే కిడ్నీలు నిమిషానికి అన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయని అంచనా. కేపసిటబైన్ అనే కీమో మాత్రలను ఈ అంకె 30కి తక్కువైతే ఇవ్వరు, 30 నుంచి 50 మధ్య ఉంటే డోసు తగ్గిస్తారు. అమ్మకు మొదటి నుంచే తగ్గించి మొదలుపెట్టారు. 70 దాటినవాళ్లలో ఆక్సాలిప్లాటిన్ అనే ఇంకో కీమో మందు కలిపితే అదనంగా వచ్చే లాభం స్పష్టంగా లేదని అది వద్దన్నారు. ఈ లెక్క మీ నాన్నగారికి వేశారా అని తప్పకుండా అడగండి.

ఇంకోటి, జీరియాట్రిక్ అసెస్‌మెంట్, అంటే పెద్దవాళ్ల మొత్తం శక్తినీ ఆరోగ్యాన్నీ అంచనా వేయడం. కుర్చీలోంచి లేచి నడవగలరా, ఈమధ్య పడ్డారా, బరువు తగ్గారా, జ్ఞాపకశక్తి ఎలా ఉంది, రోజూ ఎన్ని మాత్రలు వేసుకుంటున్నారు, ఇంట్లో చూసుకునేవాళ్లు ఎవరు, ఇవన్నీ చూస్తారు. 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక ట్రయల్‌లో, 70 దాటిన ముదిరిన క్యాన్సర్ రోగుల విషయంలో ఈ వివరాలు డాక్టర్ చేతికిస్తే తీవ్రమైన దుష్ప్రభావాలు 71 శాతం నుంచి 51 శాతానికి తగ్గాయి, బతికే కాలంలో తేడా రాలేదు. ముంబయి టాటా మెమోరియల్‌లో దీనికోసం ప్రత్యేక క్లినిక్కే ఉంది. మీ దగ్గర లేకపోయినా ఈ ప్రశ్నలు మీ డాక్టర్‌ను అడగొచ్చు. నాకైతే ఇది స్కాన్ అంత ముఖ్యమనిపిస్తుంది.

మాత్రలు మొదలైతే విరేచనాలను తేలిగ్గా తీసుకోకండి. పెద్దవాళ్లకు నీరు తగ్గితే కిడ్నీ వెంటనే దెబ్బతింటుంది, ఆ మందే ఒంట్లో పేరుకుపోతుంది. అరికాళ్లు ఎర్రబడి మండుతున్నాయంటే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. అమ్మ ఓర్చుకుని చెప్పేది కాదు, అందుకే రోజూ పాదాలు నేనే చూసేదాన్ని. ఇన్ఫెక్షన్ వచ్చినా పెద్దవాళ్లకు జ్వరం ఎక్కువ రాకపోవచ్చు. మాట తడబడటం, మగతగా ఉండటం కనిపిస్తే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

అన్నిటికంటే ముందు నాన్నగారినే అడగండి, ఆయనకు ఏం కావాలో. మా అమ్మ "నా పనులు నేను చేసుకోగలిగినంత వరకు మందు వేసుకుంటా" అంది. డాక్టర్ కూడా దాన్నిబట్టే ప్రతి విడతకూ డోసు నిర్ణయించారు.