అదే చోట నిలబడి మళ్ళీ తీయండి

ప్రశ్న: సార్, నేను తిరుపతిలో రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైనా. పోయినేడు మా అమ్మాయి కాన్పుకని అమెరికా పోయి న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఆరు నెల్లు ఉన్నాం. దగ్గర్లోనే పాత నేవీ యార్డ్, ఒకప్పుడు యుద్ధనౌకలు కట్టిన చోటు, ఇప్పుడు బాగుచేసి కంపెనీలకి ఇస్తా ఉండారు. ఆ క్రేన్లు, షెడ్లు చూస్తే మా షాపే గుర్తొచ్చి నాలుగొందల ఫొటోలు తీసినా. ఇంటికొచ్చి చూస్తే అన్నీ తుప్పు, పగిలిన అద్దాలే, ఏం మారతా ఉందో ఒక్కదాంట్లోనూ తెలీలే. జనవరిలో మళ్ళీ పోతా ఉండాం. ఈసారి ఎట్ల తీయాల?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు ఆ నాలుగొందల్లో ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దండీ, ఈసారి మీకు ఆధారం అవే. వాటిలో కదలని వస్తువు ఏదో ఒకటి ఉన్నవి, అంటే బిల్డింగ్ మూలో, క్రేనో, వెనక వంతెనో కనిపించేవి ఒక పది ఏరి ప్రింట్ వేయించుకుని పట్టుకెళ్ళండి. అదే చోట నిలబడి, అదే జూమ్‌లో, వీలైతే అదే టైంకి మళ్ళీ తీయండి. సరిగ్గా అదే చోటని ఎలా తెలుస్తుందంటే, పాత ఫొటోలో దగ్గరున్న స్తంభం వెనకాల గోడమీద ఏ కిటికీని కప్పుతోందో చూడండి, మీరు ఒక్క అడుగు పక్కకి జరిగినా అది తప్పిపోతుంది, కుదిరేదాకా జరుగుతూ ఉండండి. ఇక్కడ మన తిరుపతి స్టేషన్ కొత్తగా కడుతున్నారు కదా, బయట రోడ్డు మీద ఒక చోటు పెట్టుకుని వారానికోసారి తీస్తే ప్రయాణం లోపు చెయ్యి కుదురుతుంది.

తుప్పు అందంగానే ఉంటుంది, కాదనను. కానీ 1801లో పెట్టి 1966లో మూసేసిన యార్డ్ అది, రెండో ప్రపంచ యుద్ధంలో దాదాపు 70 వేల మంది పనిచేశారు, జపాన్ లొంగుబాటు సంతకాలు జరిగిన మిస్సోరీ నౌక కట్టింది అక్కడే. ఒట్టి తుప్పు చూపిస్తే ఆ పనంతా ఫొటోలోంచి పోతుంది, నాకు అదే బాధ. 1851లో పూర్తయిన గ్రానైట్ డ్రైడాక్‌లో, అంటే నౌకని లోపలికి తెచ్చి నీళ్ళు తోడేసి పనిచేసే పెద్ద తొట్టిలో, ఇప్పటికీ నౌకలు రిపేర్ చేస్తారు, పనివాళ్ళు కనిపిస్తే అడిగి తీయండి, ఏ పనిలో చెయ్యి ఎక్కడ ఉంటుందో వర్క్‌షాపు మనిషి మీకు తెలిసినంత మాకు తెలీదు. 77వ నంబర్ బిల్డింగ్ కూడా వదలొద్దు, యుద్ధకాలంలో గోడౌన్‌గా కట్టిన అంతస్తులకి కిటికీలే లేవు, బాగుచేసేటప్పుడు కాంక్రీటు కోసి పెట్టారు.

యార్డ్ అంతా జనానికి తెరిచి ఉండదు, గేటు దగ్గర అడగందే లోపలికి పోవద్దు. ఆ 77 కింది అంతస్తు మటుకు అందరికీ, నీళ్ళ వైపు నుంచి కావాలంటే ఫెర్రీ ఎక్కండి.

అక్కడే ఆఫీసర్ల ఇళ్ళ వరుస ఒకటి ఉండేది, దశాబ్దాలు పాడుపడి చివరికి ఒక ఇల్లూ ఒక కలప షెడ్డూ తప్ప కూల్చేశారు, ఆ స్థలంలో 2019లో సూపర్‌మార్కెట్ తెరిచారు. ఆ ఇళ్ళు ఎలా ఉండేవో ఇప్పుడు ఫొటోల్లో చూడాల్సిందే, అందుకే ప్రతి ఫొటోకీ తేదీ, ఎక్కడ నిలబడ్డారో, ఎటు తిరిగి తీశారో ఆ రోజే రాసిపెట్టుకోండి. తిరిగొచ్చాక పాతదీ కొత్తదీ ఒక జత మాకు పంపండి, పక్కపక్కనే వేస్తాం.