బరంపురం తమ్ముడికి: పసుపు శాంపిల్‌లో 391 పీక్ కల్తీ కాదు

తమ్ముడూ, పర్లాకిమిడి సంతలో కొన్న పసుపును ఎల్‌సీ-ఎంఎస్‌లో (పదార్థాలను విడదీసి, వాటి అయాన్ల బరువు చూపే యంత్రం) పెడితే పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ తాలూకు 369.13 పీక్ పక్కన 391.12 దగ్గర కూడా పీక్ వచ్చిందనీ, అది కల్తీ రంగేమోననీ అడిగావు. టెన్షన్ పడకు. ఆ రెండింటి మధ్య తేడా దాదాపు 21.98, చూడు. ప్రోటాన్ బదులు సోడియం అతుక్కున్న కర్క్యుమినే అది. ఎలక్ట్రోస్ప్రేలో (ద్రావణాన్ని సన్నని తుంపరగా చేసి అణువులకు చార్జి ఎక్కించే పద్ధతి) ఇది రోజూ కనిపించేదే.

ముందు రెండూ ఒకే నిమిషానికి బయటికొస్తున్నాయేమో చూసుకో. వస్తుంటే అనుమానం దాదాపు తీరినట్టే. తర్వాత రెండు అయాన్లనూ యంత్రంలోనే విడివిడిగా ముక్కలుగా పగలగొట్టు: 369 నుంచి 177 ముక్క బలంగా వస్తుంది, సోడియం పట్టుకున్నది మాత్రం అంత తేలిగ్గా విరగదు. సోడియం ఎక్కువగా గాజు సీసాల నుంచి, సాల్వెంట్ల నుంచి దిగుతుంది. ప్లాస్టిక్ వయల్స్, ఎల్‌సీ-ఎంఎస్ గ్రేడ్ సాల్వెంట్, 0.1 శాతం ఫార్మిక్ ఆసిడ్ వాడితే 391 తగ్గాలి. 339, 309 కనిపించినా కంగారొద్దు, అవి పసుపులో సహజంగా ఉండే కర్క్యుమిన్ తోబుట్టువులు.

అయితే ఒక్కమాట. నీ అసలు భయం లెడ్ క్రోమేట్ (రంగు కోసం పసుపులో కలిపే సీసం కల్తీ) గురించయితే ఈ పద్ధతిలో అది దొరకదు. ఐసీపీ-ఎంఎస్‌లో (లోహాలను కొలిచే యంత్రం) సీసం ఐసోటోపులు 206, 207, 208 చూడాలి. పొడి తినేవాళ్లలో పిల్లలుంటారు కదా, ఆ పరీక్ష మాత్రం మానకు.