తిరుపతిలో ఉంటూ రెండు లక్షల్లో పాత ఒమేగా స్పీడ్‌మాస్టర్ (స్టాప్‌వాచ్ కూడా ఉండే స్విస్ చేతి గడియారం) కొనొచ్చా? హుండీ వాచీల్లో దొరుకుతుందా? చిత్తూరులో ఒకరు హుండీ వేలంలో వచ్చిందంటూ ఒకటి చూపించారు, కొనొచ్చా?

హుండీ సంగతి ముందు తేల్చేద్దాం. శ్రీవారి హుండీలో పడిన వాచీలను టీటీడీ లాట్లుగా కట్టి రాష్ట్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఈ-వేలం వేస్తుంది. ఆ ప్రకటనల్లో కనిపించేవి టైటన్, క్యాసియో, టైమెక్స్, సొనాటా లాంటి పేర్లు. చిత్తూరులో మీకెవరో "హుండీ వేలంలో వచ్చిన ఒమేగా" అని చూపించారన్నారు కదా, ఆ కథ కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.

ఇక వాచీ. నా దగ్గర డెబ్బైల నాటి స్పీడ్‌మాస్టర్ ఒకటుంది. ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరై చెన్నైలో స్థిరపడిన ఒకాయన దగ్గర కొన్నాను. డయల్ నలుపు కాస్త వెలిసింది, గుర్తుల మీది పూత వెన్నరంగుకి తిరిగింది. మన ఊరి గాంధీ రోడ్డులో చూసినవాళ్లంతా "డయల్ కొత్తగా వేయించన్నా, తళతళలాడిపోద్ది" అంటారు. వేయించానంటే దాని విలువలో పెద్ద ముక్క పోయినట్టే. మన దగ్గర తిరిగే పాత స్విస్ వాచీలకి పట్టిన జబ్బే ఇది: మిషను అసలుదే, డయల్ మాత్రం ఎవరో గల్లీలో మళ్లీ పెయింట్ చేసింది.

దాన్ని పట్టుకోవడం అంత కష్టం కాదు. భూతద్దం పెట్టి అక్షరాల అంచులు చూడండి. ఫ్యాక్టరీ ప్రింటు పదునుగా ఉంటుంది, మళ్లీ వేసినదాంట్లో సిరా పాకినట్టు ఉంటుంది, డయల్‌లోని చిన్న వలయాల (కౌంటర్ల) గీతలు వంకరపోతాయి. తర్వాత లైటు ఆర్పండి. ఆ కాలపు స్పీడ్‌మాస్టర్‌లో డయల్ అడుగున "టి స్విస్ మేడ్ టి" అని ఉంటుంది, అంటే చీకట్లో వెలిగే ట్రిటియం పూత. ట్రిటియం సుమారు 12 ఏళ్లకి సగమైపోతుంది. 1970 నాటి డయల్ తెల్లారేదాకా వెలుగుతుంటే ఆ పూత మార్చారన్నమాట. ప్లాస్టిక్ అద్దం నడిమధ్య కంటికి ఆననంత చిన్న ఒమేగా గుర్తు ఉంటుంది. అది లేకపోతే అద్దం బయటిది, అదేమంత పెద్ద విషయం కాదు.

వెనక మూత తీయించకుండా మాత్రం డబ్బు ఇవ్వొద్దు. స్పీడ్‌మాస్టర్‌లో 1968 దాకా 321 రకం మిషను, ఆ తర్వాత 861 రకం. మూత లోపలి నంబరు చెప్పే ఏడాదీ, లోపలి మిషనూ పొంతన కుదరాలి. ఇందులో టెన్షన్ ఎందుకంటే, 2021లో జెనీవాలో 30 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికిన 1957 నాటి స్పీడ్‌మాస్టర్ కూడా రకరకాల వాచీల భాగాలు కలిపి చేసిందేనని 2023లో ఒమేగానే చెప్పింది. అక్కడే అలా ఉంటే మనమెంత!

పై బటన్ నొక్కితే స్టాప్‌వాచ్ సెకన్లు చూపే మధ్యలోని పొడవాటి ముల్లు వెంటనే కదలాలి, వెనక్కి ఉలిక్కిపడకూడదు. ఆపి కింది బటన్ నొక్కితే సరిగ్గా 12 మీదికి రావాలి, ఒక గీత అటూ ఇటూ ఆగినా సర్వీస్ ఖర్చు లెక్కేసుకోండి. నడుస్తుండగా కింది బటన్ నొక్కకండి, కొన్ని మిషన్లు దెబ్బతింటాయి.

ఆ సర్వీసే మన ఊళ్లో అసలు కష్టం. హెచ్ఎంటీని కళ్లు మూసుకుని విప్పి బిగించే మెకానిక్‌లు ఇక్కడున్నారు, వాళ్ల చేతులకి నమస్కారం. కానీ క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ ఉన్న వాచీ) లోపలి లివర్లకి ఎక్కడ నూనె పెట్టాలో, ఎక్కడ అసలు పెట్టకూడదో తెలిసినవాళ్లు అరుదు. నాది చెన్నైకే పంపుతాను. కొనే ధరతోపాటు దీనికీ పక్కన పెట్టుకోండి.

మీరన్న రెండు లక్షల్లో శుభ్రమైన స్పీడ్‌మాస్టర్ రావడం కష్టం. మొదటిది సీకో 6139 అయితే ఎలా ఉంటుంది? 1969లో వచ్చిన ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్, అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌లో వ్యోమగామి విలియం పోగ్ చేతికి ఉన్నది ఆ రకమే. లగ్జరీ అనరు, నిజమే. కానీ డయల్, బటన్లు, మిషను చూడడం దాని మీద నేర్చుకోవచ్చు. దానికీ నకిలీ డయల్స్ చాలానే తిరుగుతున్నాయి, భూతద్దం మాత్రం దగ్గర పెట్టుకోండి.

చిత్తూరు వాచీ మూత తీయించి లోపలి ఫొటో పెట్టండి, చూసి చెబుతాను. తీయనివ్వకపోతే వదిలేయండి.