ఉప్పునీటి ట్యాంకులో గోధుమరంగు పాచికి ఏ మందు వాడాలి?

ట్యాంకు పెట్టి నెల కూడా కాలేదు, ఇసుక మీదా అద్దాల మీదా గోధుమరంగు పాచి పడుతోంది, గీకితే రెండు రోజుల్లో మళ్లీ వస్తోంది, ఏ మందు వాడాలి అని అడిగారు. ఏ మందూ వాడకండి. ఆ డబ్బుతో డీఐ రెసిన్ (ఆర్వో నీళ్లలో మిగిలిన సిలికా, లవణాల్ని పట్టేసే గుళికలు) కొనుక్కోండి. జవాబు ఇంతే. కానీ లైట్లు ఆపేయమని ఒకరు, చేపలకి మేత మానేయమని ఒకరు, వైజాగ్ నుంచి సముద్రపు నీళ్లు తెప్పించుకోమని ఇంకొకరు మీకు సలహాలిచ్చాక ఊరుకోబుద్ధి కాలేదు.

మీరు చెప్పినదాన్ని బట్టి అవి దాదాపుగా డయాటమ్సే, అంటే కంటికి విడిగా కనపడనంత చిన్న ఏకకణ పాచి. వాటికి పెంకు కట్టుకోవడానికి సిలికా కావాలి. సిలికా అందుతున్నంత కాలం ఉంటాయి, అందకపోతే పోతాయి. లైటు తగ్గించమనే సలహా ఆకుపచ్చ పాచికి పనికొస్తుందేమో గానీ, వీటికి మసక వెలుతురైనా చాలు. కొత్త ట్యాంకులో రెండో వారమో మూడో వారమో ఇవి కనపడటం మామూలే. కొత్త ఇసుకలోంచి, రాళ్లలోంచి, వాటికి అంటుకున్న దుమ్ములోంచి కొంత సిలికా నీళ్లలో దిగుతుంది. పోటీకి వచ్చే ఇతర జీవాలేవీ అప్పటికింకా స్థిరపడవు. నెలా నెలన్నరలో దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతేనో, తగ్గి మళ్లీ వస్తేనో మాత్రం మీరు పోస్తున్న నీళ్లనే అనుమానించాలి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా మావయ్య.

మావయ్యది భీమవరం పక్క పల్లె. టైగర్ రొయ్య కాలం నుంచీ చెరువులు చేస్తున్నాడు, ఇప్పుడు వనామి. పోయిన ఎండాకాలం పెళ్లికని హైదరాబాద్ వచ్చి మా ఇంట్లో దిగాడు. అప్పటికి నా ట్యాంకు కొత్తదేం కాదు. నాలుగడుగుల ట్యాంకు, జంట క్లౌన్ చేపలు, కొన్ని డామ్సెల్స్, ఇసుకలో బొరియ చేసుకుని ఉండే ఒక గోబీ. మొదట్లో వచ్చిన గోధుమరంగు ఎప్పుడో పోయింది. రాళ్ల మీద కొరలైన్ ఆల్గే పట్టి ఊదారంగు కూడా తిరుగుతోంది. అలాంటిది ఏప్రిల్ నుంచి మళ్లీ ఇసుకంతా కాఫీ పొడి చల్లినట్టు తయారైంది. పొద్దున సైఫన్ పెట్టి లాగేస్తే సాయంత్రం దాకా తేటగా ఉంటుంది, మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ అదే కథ. ఎవరైనా ఇంటికి వస్తున్నారంటే మా ఆవిడ ముందు హాల్లో ఆ మూల లైటు ఆర్పేసేది.

మావయ్య చెప్పులు విప్పి, ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా నేరుగా ట్యాంకు దగ్గరికి వెళ్లాడు. మూత ఎత్తి, చొక్కా చెయ్యి పైకి మడిచి, అద్దం లోపలి వైపు వేలితో ఒక గీత గీశాడు. వేలికంటిన దాన్ని బొటనవేలితో నలిపి, వాసన చూసి, మొహం వెలిగిపోతూ నా వైపు తిరిగాడు.

"అబ్బ, రంగు భలే పట్టిందిరా అల్లుడూ! ఏం చల్లావ్?"

చెరువుల వాళ్లకి గోధుమరంగు నీళ్లంటే పండగ. డయాటమ్స్ బాగా ఉంటే నీళ్లు బంగారు రంగులోకి తిరుగుతాయి, రొయ్యకి అది సహజమైన మేత. పచ్చదనం ముదిరి నీలి పాచి వైపు పోతేనే వాళ్లకి టెన్షన్. మంచి రంగు రావడానికి సిలికేట్ కొని మరీ వేస్తారు. నేను దీన్ని ఎలా వదిలించుకోవాలా అని చస్తున్నానంటే ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక జాలిగా చూశాడు. "మేం డబ్బులు పోసి సిలికా కొని చెరువులో పోస్తాం. నీకు ఊరికే వచ్చిపడుతోంది. ఎక్కణ్ణుంచి వస్తోందో చూసుకోవాలి గానీ, ఈ గీకుడేంట్రా?"

ఆ తర్వాత అడిగింది లైట్ల గురించి కాదు, మేత గురించీ కాదు. "నీళ్లేమన్నా మారాయా?"

మారలేదన్నాను. ట్యాంకుకి పోసే నీళ్లన్నీ వంటింట్లో ఆర్వో నుంచి పట్టేవే. కానీ చెరువులో ఏ తేడా వచ్చినా ముందు నీళ్లు ల్యాబుకి పంపే మనిషి కదా, మాటతో ఒప్పుకోడు. వంటింట్లోకి వెళ్లి, "అమ్మాయ్, ఈ మిషన్ని ఎవరన్నా ముట్టుకున్నారా?" అని మా ఆవిడని అడిగాడు. "మార్చిలో సర్వీసు అబ్బాయి వచ్చాడు బాబాయ్ గారూ. నీళ్లు చప్పగా ఉన్నాయంటే ఏదో తిప్పి వెళ్లాడు" అంది.

స్టూలు వేసుకుని కవరు విప్పాం. మెంబ్రేన్ (ఆర్వోలో నీళ్లని వడగట్టే పొర) పక్కన చిన్న ప్లాస్టిక్ వాల్వు ఉంది, దాని నెత్తిన స్క్రూడ్రైవర్ పట్టేంత గాడి. టీడీఎస్ కంట్రోలర్ అంటారు దాన్ని. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క. అది తెరిస్తే మెంబ్రేన్ దాటని నీళ్లు కొన్ని పక్కదారిన వచ్చి, శుద్ధి అయిన నీళ్లలో కలుస్తాయి. తాగేవాళ్లకి కాస్త రుచి తగలాలని ఆ ఏర్పాటు. టీడీఎస్ మీటరు ముంచితే, ఎప్పుడూ పదిహేను లోపు ఉండేది వంద దాటింది. మావయ్య స్క్రూ బిగించాడు. కాసేపు నీళ్లు వదిలేసి, గ్లాసులో పట్టి మళ్లీ ముంచాం. అంకె దిగిపోయింది. "ఇదీ నీ సిలికా బస్తా" అన్నాడు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. మన కాళ్ల కిందంతా గ్రానైటు. గ్రానైటులో డెబ్భై శాతం దాకా సిలికానే, అది అరిగి బోరు నీళ్లలో కరుగుతూ ఉంటుంది. వానాకాలంలో మంజీరా నీళ్లో కృష్ణా నీళ్లో వచ్చే అపార్ట్‌మెంటు సంపులోకి ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లు దిగుతాయి. అది ఏ ఊరి బోరు నీళ్లో ట్యాంకరు డ్రైవర్‌ని అడిగినా చెప్పడు. నెలనెలా మెయింటెనెన్స్ మాత్రం పెంచుతారు, సంపులో ఏం పోస్తున్నారో నోటీసు బోర్డు మీద ఒక్క ముక్క రాయరు. మా అసోసియేషన్ మీటింగులో ఈ మాట ఎత్తితే నన్ను "చేపల సార్" అని పిలవడం మొదలుపెట్టారు. సరే, అది వేరే గొడవ.

చాలామందికి తట్టని సంగతి ఇంకొకటుంది. ట్యాంకులోంచి ఆవిరయ్యేది నీళ్లొక్కటే. ఉప్పు ఎక్కడికీ పోదు, సిలికా కూడా పోదు. ఎండాకాలంలో నీళ్లు వేడెక్కకుండా పైన ఫ్యాను పెడతాం, దాంతో రోజూ లీటర్ల కొద్దీ తగ్గుతుంది. తగ్గినప్పుడల్లా మంచినీళ్లు పోస్తాం. అంటే రోజూ కొత్త సిలికా లోపలికి వెళ్తుంది, పాతది ఉన్నచోటే ఉంటుంది. పాచి వచ్చిందని కంగారుపడి అవే నీళ్లతో సగం ట్యాంకు మార్చేవాళ్లు దానికి ఇంకాస్త మేత వేస్తున్నట్టే.

మర్నాడు వెళ్తూ మావయ్య ఆ పాచిని చిన్న సీసాలో పట్టుకుపోయాడు. వాళ్ల ఆక్వా ల్యాబులో మైక్రోస్కోపు కింద పెట్టించి ఫోటో పంపించాడు. రెండు కొసలూ మొనదేలిన సన్నటి పడవ ఆకారాలు, ఒక్కోదాని నడుమా గోధుమరంగు పట్టీలు. కింద ల్యాబు కుర్రాడు పెన్నుతో నావిక్యులా, నిట్జ్‌షియా అని రాశాడు. మీరు భీమవరం, ఆకివీడు, కైకలూరు, నెల్లూరు వైపు వాళ్లయితే ఈ ల్యాబుల్ని వాడుకోండి. అక్వేరియం షాపులో ఊహించి చెప్పేదానికంటే అక్కడ కళ్లతో చూసి చెప్పేది నయం.

షాపు మాట వచ్చింది కాబట్టి చెప్తాను. పాచి అనగానే కౌంటరు కింది నుంచి సీసా తీస్తారు. నాకు అమ్మబోయిన సీసా వెనక చదివితే మంచినీటి ట్యాంకుల కోసం అని ఉంది, అందులో రాగి ఉంది. రాగి పడిందంటే నత్తలు, రొయ్యలు, హెర్మిట్ పీతలు బతకవు. ఇంకో చోట యాంటీబయాటిక్ పొడి ఇచ్చారు. ఎరిత్రోమైసిన్ లాంటివి సయానోబాక్టీరియా (పాచిలా పెరిగే ఒక రకం బాక్టీరియా) మీద పనిచేస్తాయి, అది కూడా మీ ట్యాంకులో ఉన్నది అదే అయితే. డయాటమ్స్ బాక్టీరియా కావు, వాటికి ఆ పొడి లెక్కే లేదు. పోయేది మీ ట్యాంకుని నిలబెడుతున్న మంచి బాక్టీరియానే.

అందుకే ముందు అది డయాటమ్సేనని తేల్చుకోండి. వేలితో రాస్తే పొడిలా లేచి నీళ్లలో కలిసిపోతే డయాటమ్స్. మెరూన్ రంగులో తెర కట్టి, పొరలా ఒక్క ముక్కగా లేస్తే సయానో. చీమిడిలా తీగలు సాగుతూ, కొసల్లో గాలి బుడగలు ఉండి, రాత్రి తగ్గి పగలు పెరిగితే డైనోఫ్లాజెలేట్స్ (డైనోలు, ఇంకో రకం ఏకకణ జీవాలు) అని అనుమానించాలి. నత్తలు వరసగా చస్తుంటే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. తేల్చుకోవడానికి ఒక చిన్న పని చేయొచ్చు. ట్యాంకు నీళ్లతోపాటు కొంచెం పాచిని సీసాలో వేసి గట్టిగా కుదిపి, టిష్యూ పేపర్లో వడగట్టి, ఆ నీళ్లని గంటసేపు లైటు కింద ఉంచండి. తేటగానే ఉండిపోతే భయం లేదు, మళ్లీ తీగల్లా ముద్ద కడితే డైనోలు. డైనోలు నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకి పడిపోయిన ట్యాంకుల్లో చెలరేగుతాయి, కాబట్టి వాటికి చేయాల్సింది వేరే. ఇందుకే పాచి కనపడగానే మేత మానేసి, జీఎఫ్ఓ (ఫాస్ఫేట్‌ని పీల్చే ఐరన్ గుళికలు) డబ్బాలకి డబ్బాలు పోసేవాళ్లని చూస్తే నాకు కోపం. జీఎఫ్ఓ సిలికేట్‌ని పీల్చుకునే మాట నిజమే. దాంతోపాటు ఫాస్ఫేట్‌ని కూడా ఊడ్చేస్తుంది. చిన్న తగువు తీర్చబోయి పెద్ద తగువు తెచ్చుకోవడం అవుతుంది.

ఇప్పుడు మీ ట్యాంకు సంగతి. ఆర్వో ఉంటే దాని వాల్వు బిగించి, మినరల్ కార్ట్రిడ్జ్‌కి ముందే, మెంబ్రేన్ నుంచి వచ్చే పైపు దగ్గర ట్యాంకు నీళ్లు పట్టుకునేలా ఒక టీ జాయింటు (పైపు దారిని రెండుగా చీల్చే ముక్క) వేయించుకోండి. తాగే నీళ్ల దారి వేరు, ట్యాంకు నీళ్ల దారి వేరు. సర్వీసు వాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. ఆ తర్వాత డీఐ పెట్టండి, ఎందుకంటే మెంబ్రేన్ దాటి కూడా కొంత సిలికా వస్తుంది. మీటరు సున్నా చూపిస్తోందని ధీమాగా ఉండకండి. నీళ్లలో సిలికాకి ఎక్కువ భాగం విద్యుదావేశం ఉండదు, మీటరుకి అది చిక్కదు. రెసిన్ అరిగేటప్పుడు ముందుగా జారిపోయే వాటిలో సిలికా ఒకటి. రంగు మారే రెసిన్ అయితే పూర్తిగా మారేదాకా ఆగకుండా ముందే మార్చేయండి. ఇరవై లీటర్ల టిన్ను నీళ్లు వద్దు, ఆ ప్లాంట్ల వాళ్లూ రుచికని మామూలు నీళ్లు కలుపుతారు.

గీకి వదిలేయకండి. గీకినదాన్ని సైఫన్‌తో లాగి బయట పారబోయండి, అప్పుడు అది పట్టుకున్న సిలికా కూడా ట్యాంకు దాటి పోతుంది. నీళ్లు కదలని మూలకి వేవ్‌మేకర్ (నీళ్లని కదిపే పంపు) తిప్పండి. సెరిత్ నత్తలు కొన్ని వేస్తే సాయం చేస్తాయి. నాసారియస్ కూడా మంచివే గానీ, అవి పాచి తినవు, ఇసుక కలబెడతాయి. నాకు వాల్వు బిగించిన వెంటనే ఏమీ పోలేదు, లోపల చేరింది ఖర్చవ్వాలి కదా. మెల్లమెల్లగా పలచబడి, శ్రావణమాసం నోములకి చుట్టాలొచ్చేసరికి ఇసుక తెల్లగా ఉంది.

వైజాగ్ నీళ్ల సలహా అయితే వినకండి. ఒడ్డున ఉండేవాళ్ల మాట వేరు. నదులు కలిసే బంగాళాఖాతం ఒడ్డు నీళ్లలో సిలికాకి కొదవ ఉండదు, సముద్రంలోకి సిలికా మోసుకొచ్చేది ఎక్కువగా నదులే. ఆరొందల కిలోమీటర్లు లారీలో మోయించి మళ్లీ అదే పోసుకుంటారా? ఉప్పు కలుపుకుని లీటరుకి ముప్పై అయిదు గ్రాముల లెక్కకి తెచ్చుకోండి. భీమిలి ఇసుక కూడా వద్దు, అరగొనైట్ ఇసుకే (సిలికాతో కాకుండా సున్నపు ఖనిజంతో అయ్యేది) వాడండి. రామేశ్వరం నుంచి లైవ్ రాక్ (సముద్ర జీవాలు పట్టిన పగడపు రాయి) తెప్పిస్తామనే వాళ్లని దగ్గరికే రానివ్వకండి. పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1 కింద ఉన్నాయి. పాచి పోతుందో లేదో గానీ కేసు మాత్రం పడుతుంది.

నీళ్లు సరిచేశాక కూడా నెలన్నర దాటి పాచి నిలిస్తే ఫోటో పెట్టండి. నీలం లైట్లు ఆపేసి తెల్ల లైటులో తీయండి. నీలం వెలుగులో గోధుమరంగూ మెరూనూ ఒకేలా కనపడతాయి, ఎవరూ సరిగ్గా చెప్పలేరు.