నరికినా మళ్లీ గుబురుగా లేస్తున్న లాంటానాకు మార్గం

నమస్తే అండి. నల్లమల అంచున ఉన్న మీ మెట్ట భూమిలో లాంటానా అనే ముళ్ల పొదను, అదే పులికంపను, నరికి తగలబెట్టినా వానలకు రెట్టింపు గుబురుగా వచ్చిందన్నారు. వస్తుంది మరి! కొత్త పిలకలు లేచేది కాండం, వేరు కలిసే చోటు నుంచే. పైన నరికితే దానికి ఊపు ఇచ్చినట్టే, మంట కూడా మట్టిలోని ఆ మొదలును చంపదు.

ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం చూపిన పద్ధతి ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవిలో పనిచేసింది. గునపంతో మొదలు చుట్టూ కొంచెం మట్టి తీసి, నేలకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల కింద, అంటే పిలకలు లేచే ఆ చోటుకు దిగువన, తల్లివేరును నరకండి. పీకిన పొదను తలకిందులుగా పెట్టండి, వేరు ఎండిపోవాలి. కాయ పండకముందే చేయండి.

తర్వాత వానాకాలంలో పెద్ద చెట్ల కింద చూడండి. పిట్టలు వాలి విత్తనాలు రాల్చేది అక్కడే, ఆ మొలకలు చేత్తో లాగితేనే వచ్చేస్తాయి.

ఒక్క మాట: ఖాళీ అయిందని వెంటనే మొక్కలు కిక్కిరిసేలా నాటొద్దు, ప్లీజ్. అక్కడి అడవి ఎండ పడే, గడ్డి పెరిగే అడవి. స్థానిక గడ్డి విత్తనాలు చల్లి, ఒక వానాకాలం ఆగండి. బీడీ ఆకు ఇచ్చే తునికి లాంటి చెట్లు నాటకపోయినా వేరు పిలకల నుంచి లేస్తాయి. ఏవి వచ్చాయో ఫోటోలు పెట్టండి, చూసి చెబుతాను.